తూకం బల్ల దగ్గర షమీమక్క

ఎమ్మిగనూరు ప్రెస్సు నుంచి ఈ ఉదయం వచ్చిన నమూనా పుస్తకం ఇంకా సిరా వాసన వేస్తోంది. ముప్పై రెండు పేజీలు. పత్తి మిల్లులో తూకం కంప్యూటర్‌ను ఎలా నడపాలో చెప్పే పుస్తకం. ఈ వాసన తగిలితే చాలు, నోటికి అడ్డంగా దుపట్టా కట్టుకున్న షమీమక్క కళ్ల ముందుకు వస్తుంది.

ఆదోనిలో మిల్లులకు తూకం సాఫ్ట్‌వేర్ చేసిచ్చేది అక్క. లెక్కలూ కంప్యూటరూ సొంతంగా నేర్చుకున్న నన్ను పిలిచి, ఈ పుస్తకాలు రాసే పని అప్పగించింది. అచ్చుకు ముందు ప్రతిని మిల్లులో పనిచేసే ఒకరికిచ్చి పక్కన కూర్చునేది. వాళ్లు తడబడినా మనం చెప్పకూడదు, పుస్తకమే చెప్పాలి. తన నోరు ఊరుకోదని ఆ దుపట్టా.

నా మొదటి ప్రతిని నందవరం దారిలోని మిల్లులో మరియమ్మ చేతికిచ్చాం. పత్తి ఏరే పని నుంచి ఆమెను తూకం బల్లకు మార్చి రెండు రోజులే అయింది. బయట ఆరు ట్రాక్టర్లు నిలబడి ఉన్నాయి. ఆమె వేలు పేజీ నుంచి తెరకు, తెర నుంచి పేజీకి తిరుగుతూనే ఉంది.

"అన్నా, 'బరువు చేర్చు' అని రాసినారే, అది యాడుంది?"

పక్కనే ఉన్న మిల్లు సావుకారి విసుక్కున్నాడు. "నీతో కాదులేమ్మా. రేపట్నించి మళ్లా పత్తి ఏరేదానికే పో."

మరియమ్మ తల వంచుకుంది. దుపట్టా పైనుంచి అక్క కళ్లు నన్నే చూస్తున్నాయి. తెర మీదున్న బటన్ పేరు 'తూకం నమోదు'. ఒకే మాట పదే పదే రాస్తే బాగుండదని, తొమ్మిది చోట్ల దానికి మూడు పేర్లు పెట్టాను.

"తప్పు ఆమెది కాదు, నాది. ఆ పేరుతో బటనే లేదు," అన్నాను.

అక్కడే పెన్నుతో తొమ్మిదీ దిద్దాను. మరియమ్మ ఆరు ట్రాక్టర్లూ తూచింది. సావుకారి మళ్లీ పత్తి మాట ఎత్తలేదు.

తిరుగు బస్సులో అక్క నవ్వింది. "ఆధార్‌లో ఒక పేరు, రేషన్ కార్డులో ఇంకో పేరు ఉంటే ఎన్ని ఆఫీసులు తిరగాలప్పా? ఆ యమ్మను అట్ల తిప్పినావు. తెర మీద ఏముంటే అదే రాయి."

అక్క పోయి రెండేళ్లు. ఇప్పుడూ తెర మీద వేలు పెట్టి, చదివి, ఆ పేరే రాస్తాను. ఈ మధ్యాహ్నం కొత్త పుస్తకం మరియమ్మకిచ్చి, తువ్వాలతో నోరు కట్టుకుని పక్కన కూర్చున్నాను. ఆమె వేలు ఎక్కడా ఆగలేదు.

"తువ్వాల తీయన్నా," అంది తల ఎత్తకుండానే. "అయిపాయ."