ఆరో సైకిలు

నర్సీపట్నం షావుకార్లలో, ఐదు సైకిళ్ళు కొన్న కొట్లోనే తర్వాత ఆరోదాన్ని సగం ధరకి రాబట్టినవాణ్ణి నేనొక్కణ్ణే. కొట్లో పుట్టి, తక్కెడ పక్కన పాకి, ఎదుటివాడి కళ్ళు చూసి ధర చెప్పడం అక్షరాలకంటే ముందు నేర్చుకున్నాను. విశాఖపట్నంలో ఆ సైకిళ్ళ కొట్టాయన గంటన్నర వాదించి, చివరికి దండం పెట్టి ఇచ్చేశాడు. అంత గొప్ప బేరం జన్మలో మళ్ళీ చెయ్యలేదు. అంత చెడ్డ పనీ చెయ్యలేదు.

మేం ఐదుగురం, అందరం కొట్లవాళ్ళమే, అందరికీ షుగరే. ఆదివారాలు గొలుగొండ వైపు తొక్కేవాళ్ళం. ఎరువుల కొట్టాయన ఒక నియమం పెట్టాడు: ఎవడు ఆఖరున వస్తే వాడే అందరికీ టిఫిను పెట్టాలి. ఏడు ఆదివారాలు వరసగా నేనే పెట్టాను. బొజ్జ నాది, ఇడ్లీలు వాళ్ళవి. నాకంటే నెమ్మదిగా తొక్కేవాడు ఒకడు కావాలి. ఆరో సైకిలు కొన్నది అందుకు.

ఆ మనిషి నా కొట్టు వసారాలోనే ఉన్నాడు. టైలరు మాస్టారు. పదిహేనేళ్ళుగా అక్కడే మెషిను వేసుకుని కూర్చున్నాడు. కాజాలు, బొత్తాలు భార్య చూసుకునేది. ఏడాది పొడుగునా జాకెట్లు, పాత ప్యాంట్లు బిగించడాలు. నాలుగు రాళ్ళు వెనకేసుకునేది మాత్రం వేసవిలోనే, నా కొట్టుకి వచ్చే స్కూలు యూనిఫారాలతో. బట్ట నాది, కుట్టుబడి అతనిది. ఆ ఏడు నూట ఎనభై జతలు. స్కూళ్ళు తెరిచేలోగా ఇవ్వాలి. ఆ డబ్బు మీదే వాళ్ళింట్లో వానాకాలం గడవాలి.

"ఆదివారం పాయకరావుపేట దాకా సైకిళ్ళ మీద ఎల్తన్నాం మాస్టారూ. నువ్వూ రావాల."

"బాబోయ్, నానెక్కడొస్తానండి షావుకారుగారూ? సైకిలెక్కి ఇరవయ్యేళ్ళయింది. గుడ్డ కొయ్యాలి కదండి."

"గుడ్డ ఇంకా నా బీరువాలోనే ఉంది కదేటి" అన్నాను నవ్వుతూ.

అతను నవ్వలేదు. వచ్చాడు.

సగం ధర ఎందుకో అతను ఎక్కినప్పుడు అందరికీ అర్థమైంది. అది ఆరడుగుల మనిషికి చేసిన బండి. మాస్టారు పొట్టి. సీటు మీద కూర్చుంటే బొటనవేలి కొస మాత్రమే నేలకి తగులుతోంది. దిగి, ఒకసారి కళ్ళతోనే కొలిచాడు.

"ఇది నా కొలత కాదండి. మూడంగుళాలు ఎత్తెక్కువండి."

"పిల్లలకి వదులుగా కుట్టీసి, ఎదిగితే సరిపోతదని నువ్వు సెప్పవేటి? నువ్వూ ఎదుగుతావులే" అన్నాను. నలుగురూ పగలబడి నవ్వారు. నా మాటకి అంతమంది నవ్వడం నాకు ఎప్పుడూ ఇష్టమే.

ఏప్రిల్ నెల చివర. తెల్లవారగానే బయల్దేరాం. చెరుకు కొట్టేసిన మళ్ళలో ఆకు కాల్చిన మసి, జీడితోటల్లో రాలి పులిసిన పళ్ళ వాసన. దారిలో పాల క్యాన్లు కట్టిన పాత సైకిలు మీద ఒక ముసలాయన మా పక్కనే కాసేపు తొక్కుతూ వచ్చాడు.

"ఏటి బాబూ, కార్లున్నోలు సైకిల్లు తొక్కుతన్నారు? సుగరేటి?"

"అవును తాతా."

"నలభయ్యేల్లు తొక్కాను. నాకు సుగరూ రాలేదు, కారూ రాలేదు" అని, క్యాన్లు గలగలలాడించుకుంటూ మమ్మల్ని దాటిపోయాడు.

నాతవరం చేరేసరికి మాస్టారు అందరికంటే వెనక. నేను దారి పొడుగునా అతనికి ఇరవై గజాలు ముందుండేలా చూసుకున్నాను. అంతకంటే ఎక్కువ కష్టపడటం దండగ. హోటల్లో ఆకలి లేదని టీ ఒక్కటే తాగాడు. అది ఆకలి లేక కాదు, బిల్లు తన మీద పడుతుందనని పదిహేనేళ్ళుగా అతని తిండి చూసిన నాకు తెలుసు. ఎరువుల కొట్టాయన కేకేశాడు: "ఇంకో ప్లేటు గారెలు! మాస్టారు పెడతన్నారు!" నేనూ తిన్నాను. మాస్టారు గోడ వైపు తిరిగి నోట్లు లెక్కపెట్టుకుని ఇచ్చాడు.

"పేటలో బిర్యానీకీ ఇదే రూలు" అన్నాడు ఎరువుల కొట్టాయన బయటికొస్తూ.

మాస్టారు లుంగీ బిగించి కట్టుకున్నాడు.

అక్కణ్ణించి కాలవ గట్టు పట్టాం. నలుగురూ ముందు వెళ్ళిపోయారు. గట్టు పల్లంలోకి దిగేచోట నా వెనక గొలుసు చప్పుడు దగ్గరైంది. మాస్టారు లేచి నిలబడి తొక్కుతున్నాడు.

"షావుకారుగారూ, కొంచెం పక్కకండి."

వినపడింది. అతని ముందు చక్రం నా పెడలు పక్కకి వచ్చింది. నేను మూర ఎడం ఇస్తే దాటిపోయేవాడు. దాటితే ఆఖరివాణ్ణి నేను. ఆరు బిర్యానీలు నావి. నేను అతని వైపే జరిగాను. అతను బ్రేకు పట్టి కాలు దించాడు. కాలికి నేల అందలేదు. కాలవకి పరిచిన రాళ్ళ మీద పడ్డాడు, కుడి చెయ్యి కింద పెట్టి.

ముందువాళ్ళు వెనక్కొచ్చారు. "లేవండి మాస్టారూ, బిర్యానీ ఎగ్గొడదామనేటి?" అన్నారెవరో. తర్వాత చెయ్యి చూసి సైకిళ్ళు దిగారు. మణికట్టు గరిటెలా వంగి ఉంది. అతను ఏడవలేదు. బొటనవేలూ చూపుడువేలూ కత్తెర పట్టినట్టు కదపబోయాడు. రెండుసార్లు. కదల్లేదు.

నడిపించి రోడ్డెక్కించాం. ఖాళీ ఆటో ఒకటి ఆగింది.

"నర్సీపట్నం ఆసుపత్రికి ఎంత?"

"ఆరొందలిప్పించండి."

"మూడొందలు."

"మనిషి సెయ్యిరిగిపోతే బేరమేటండి?"

"సెయ్యిరిగితే బరువు పెరిగాడేటి?" అని వెనక్కి తిరిగి నడిచాను. అది మా నాన్న నేర్పిన విద్య. వెనక్కి తిరిగి నడువు, పది అడుగుల్లోపు పిలుస్తారు. ఆ రోజు దాకా పదకొండో అడుగు వెయ్యాల్సిన అవసరం నాకు రాలేదు. పది వేశాను. పిలుపు రాలేదు, ఇంజను చప్పుడొచ్చింది. తిరిగి చూస్తే ఆటో మలుపు దాటుతోంది. తాటిచెట్టు నీడలో కూర్చున్న మాస్టారు దాన్నే చూస్తున్నాడు.

ఇంకో ఆటో రావడానికి గంటన్నర పట్టింది. వాడూ ఆరొందలే అన్నాడు. నేను బేరమాడకుండా ఎక్కాను. ఇంత దూరం వచ్చాక వెనక్కి పోవడమెందుకని మిగతా నలుగురూ పేటకి వెళ్ళిపోయారు. మేం ఎక్స్‌రే గది బయట కూర్చుని ఉండగా బిర్యానీ ఫొటోలు గ్రూపులో పడ్డాయి.

అతని భార్య పరుగున వచ్చింది. ఆటో దొరక్క ఆలస్యమైందని అతనే చెప్పాడు ఆవిడకి. ఆవిడ అప్పటికే ఎవరిని అడిగిందో, నా వైపు తిరిగింది.

"ముందోటి ఒచ్చిందంట కదండి. బేరం కుదరలేదేటి అన్నయ్యగారూ?"

ఆలస్యం వల్ల కొత్తగా పోయిందేమీ లేదని డాక్టరు అన్నాడు. ఆ మాట నేను రెండుసార్లు అడిగి చెప్పించుకున్నాను, రెండోసారి ఆవిడకి వినపడేలా.

ఆరు వారాల కట్టు. స్కూలు ఆగదు. మూడో రోజు పక్క వీధి టైలరు దగ్గరికి వెళ్ళాను. ఆ వేసవి అతనికి పని లేదని నాకు తెలుసు. నాకు తొందరని అతనికి తెలియనివ్వలేదు. మాస్టారికి జతకి రెండొందల యాభై ఇచ్చేవాణ్ణి. ఇతను రెండొందల ఇరవైకి ఒప్పుకున్నాడు. తిరిగొస్తుంటే, సిగ్గులేని మాటే గాని, నడక తేలికైంది.

కట్టు విప్పాక మాస్టారు వసారాలోకి వచ్చి కత్తెర పట్టుకుని చూశాడు. బొటనవేలు సగం దాకా వచ్చి ఆగిపోయింది. ఇక అలాగే ఉంటుందన్నారట. నేను గల్లా దగ్గరికి పిలిచి, ఎంత ఇమ్మంటావని అడిగాను.

"పదిహేను వేలిప్పించండి."

"ఎనిమిది" అంది నా నోరు. నేను ఆలోచించకముందే.

"పది సెయ్యండి బాబూ."

చేశాను. నేను దారివ్వలేదని అతనికి తెలుసు. గట్టు మీద మా ఇద్దరమే ఉన్నాం. ఆ ఒక్క మాట అని ఉంటే పదిహేను కాదు, ముప్ఫై అయినా ఇచ్చేవాణ్ణి. భార్యకి కూడా చెప్పలేదనుకుంటాను; చెప్పి ఉంటే ఆవిడ ఊరుకునేది కాదు. మాస్టారికి బేరం రాదు.

ఇప్పుడు లెక్క, తూకంలో వేలు పెట్టకుండా. ఆటో ఆరు వందలు. మందులు పదకొండు వందల యాభై. మాస్టారికి పది వేలు. మొత్తం పదకొండు వేల ఏడు వందల యాభై. అందులోంచి కొత్త టైలరు దగ్గర జతకి ముప్ఫై చొప్పున మిగిలిన ఐదు వేల నాలుగు వందలు తియ్యాలి. నాకైన ఖర్చు ఆరు వేల మూడు వందల యాభై.

మాస్టారికి పోయిన కుట్టుబడి నలభై ఐదు వేలు. నేనిచ్చిన పదీ తీసేస్తే ముప్ఫై ఐదు వేలు, కుడిచేతి బొటనవేలు.