గవర్నమెంటు ఉప్పు

పెదనలో సీతామహాలక్ష్మి ఇంట్లో ఇదివరకు తెల్లారితే కాఫీ కన్నా ముందు ఒక కేక పుట్టేది. "క్యాను ఎక్కడ పెట్టావే?" ఆ కేకకి పక్కింటి కుమారి లేచేది, ఎదురింటి కోడి లేచేది, ఆఖరున సీతామహాలక్ష్మి లేచేది. ఇప్పుడు ఆ కేక లేదు. కోడి తన పని తనే చేసుకుంటోంది. సీతామహాలక్ష్మి మాత్రం ఆ వేళకే లేచి, తనని ఎవరూ ఏమీ అడక్కపోతే ఏం చెయ్యాలో తోచక కాసేపు గుమ్మంలో కూర్చుని, అప్పుడు పొయ్యి వెలిగిస్తుంది.

ఆ కేక ఆమె భర్త పున్నారావుది. ఆయనకి పేకాట లేదు, చుట్ట లేదు, రాజకీయాలు అసలే లేవు. ఉన్నదల్లా ఒకటే పిచ్చి. బందరు పెద్దాసుపత్రిలో ఏ డాక్టరు ఏ పరిశోధన మొదలుపెట్టినా అందులో తను ఉండాలి, పరీక్షకి అడిగిందల్లా క్యానులో పట్టి ఇవ్వాలి.

మోకాళ్ల నొప్పుల మీద పరిశోధన అంటే కుంటుతూ వెళ్లాడు. నిద్ర పట్టనివాళ్ల మీద అంటే ఆవలిస్తూ వెళ్లాడు. చిగుళ్ల మీద అంటే ఉన్న నాలుగు పళ్లూ మెరిసేలా తోముకుని వెళ్లాడు. కడుపుతో ఉన్నవాళ్లకి రక్తం తక్కువవడం మీద పరిశోధన అని బోర్డు పెడితే, ఆ వరసలోనూ చేతిసంచీ పట్టుకుని నిలబడ్డాడు.

"ఇది కడుపుతో ఉన్నవాళ్లకి తాతా," అంది నర్సు దయామణి.

"మగాణ్ణి ఒక్కణ్ణయినా పెట్టుకోరామ్మా, పోల్చి చూసుకోడానికి?"

"పోల్చి ఏం రాయమంటావు? నీకింకా నెలలు నిండలేదనా?"

వరసలో ఉన్న ఆడవాళ్లందరూ కడుపులు పట్టుకుని నవ్వారు. పున్నారావు మాత్రం ఆ పరిశోధన పద్ధతిగా జరగడం లేదని ఇంటికొచ్చి బాధపడ్డాడు.

ఆయన కలంకారీ అచ్చుల పనివాడు. బల్ల మీద గుడ్డ పరిచి, చెక్క అచ్చుని రంగులో అద్ది, గుడ్డ మీద పెట్టి పిడికిలితో గుద్దడంతోనే వయసంతా గడిచింది. కొత్త రంగు కలిపినప్పుడు ముందు ఒక చిరుగు ముక్క మీద వేసి, ఉతికి, ఎండేసి చూస్తారు. నిలబడితేనే మొత్తం గుడ్డ తానుకి వేస్తారు.

"మందైనా అంతేనే. ఎవడో ఒకడు ఆ ముక్కగుడ్డ అవ్వాలి. లేకపోతే తాను తాను పాడైపోద్ది," అనేవాడు.

"ఊళ్లో ఇంతమంది ఉండగా ఆ ముక్కగుడ్డ మీరే అవ్వాలా?"

"నేను నాలుగు ఉతుకులకి ఆగిన గుడ్డని. రంగు దిగను."

ఇలా ఉండగా డాక్టరు సాయిదుర్గ ఉప్పు పరిశోధన మొదలుపెట్టింది. ఆ అమ్మాయి పెద్దాసుపత్రిలోనే పైచదువు చదువుతోంది. ఈ పరిశోధన ఒడ్డెక్కితేనే పట్టా చేతికొస్తుంది. బీపీ ఉన్నవాళ్లని రెండు జట్లు చేసి ఒక జట్టుకి మామూలు ఉప్పు, రెండో జట్టుకి బీపీ పెంచే సరుకు తగ్గించిన ఉప్పు ఇస్తారు. ఎవరికి ఏది వచ్చిందో తినేవాళ్లకీ తెలియదు, ఇచ్చే డాక్టరుకీ తెలియదు. ప్యాకెట్టు మీద మనిషి నంబరు ఒక్కటే ఉంటుంది. నెలకోసారి ఒక పగలూ రాత్రీ పోసినదంతా క్యానులో పట్టి ఆసుపత్రికి తెచ్చివ్వాలి. ఒంట్లోకి ఏ ఉప్పు ఎంత వెళ్లిందో అందులో తేలిపోతుంది.

పున్నారావుకి బీపీ ఉంది. సీతామహాలక్ష్మికి అంతకంటే ఎక్కువే ఉంది. నీకెందుకొచ్చిందీ జబ్బు అని ఎవరైనా అడిగితే ఆమె నోటితో చెప్పకుండా క్యాను వైపు చూపించేది. ఆసుపత్రి గడప తొక్కనని భీష్మించుకున్న మనిషిని, ఆయన నెల్లాళ్లు పోరి తనతోపాటు చేర్పించాడు.

ఉప్పు ఇంటికొచ్చిన రోజున రెండు గాజుసీసాల మీద ఇద్దరి పేర్లూ రాసి కాగితాలు అంటించాడు. వసారాలో మఠం వేసుకుని రెండు ప్యాకెట్లూ కత్తిరించాడు. అద్దకానికి వాడే పటికనీళ్లు నాలిక మీద వేసుకుని పాళ్లు కుదిరాయో లేదో చెప్పే మనిషి కదా, ఇందులోంచి చిటికెడు, అందులోంచి చిటికెడు నోట్లో వేసుకుని కళ్లు మూశాడు.

"ఏంటండీ, తీర్థమా?"

"ఉండవే. మాట్లాడితే లెక్క చెడిపోద్ది." కాసేపటికి కళ్లు తెరిచాడు. "వంటింట్లో పిల్లి దూరినట్టుంది, చూడు."

ఆమె వెళ్లి చూస్తే పిల్లి లేదు. తిరిగొచ్చేసరికి సీసాలు రెండూ నిండి ఉన్నాయి. "ఇక నుంచి ఈ సీసాలు నింపేది నేనే. నువ్వు చెయ్యి పెట్టకు. ఒకరిది ఒకరు తినకూడదు, ఇంకోళ్లకి పెట్టకూడదు, బయటి ఉప్పు ఇంట్లో ఉండకూడదు. ఏది జరిగినా లెక్క చెడిపోద్ది," అన్నాడు.

ఆ రోజు నుంచి సీతామహాలక్ష్మి పప్పూ కూరా పులుసూ అన్నీ చప్పగా వండి దించేది. ఎవరి సీసాలోది వాళ్లు కంచంలో కలుపుకోవాలి. ఆవకాయ జాడీకి గుడ్డ కట్టి, ఆ ముడి మీద పున్నారావు ఇంకో ముడి వేశాడు.

ఆ రోజుల్లోనే గుడివాడ నుంచి సీతామహాలక్ష్మి తమ్ముడు ధనరాజు భోజనానికి వచ్చాడు. పప్పన్నం ముద్ద నోట్లో పెట్టుకుని కాసేపు అక్క వైపు, కాసేపు బావ వైపు చూశాడు.

"అక్కా, మీ ఇద్దరికీ మాటలు ఉన్నాయా?"

"ఉన్నాయిరా. ఉప్పే లేదు."

ధనరాజు సీసా వైపు చెయ్యి చాపాడు. పున్నారావు సీసా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "అది గవర్నమెంటు ఉప్పు. నీకు పెడితే లెక్క చెడిపోద్ది."

"చిటికెడే బావా."

"నీకు బీపీ ఉందా?"

"ఇప్పుడే వచ్చింది."

చివరికి ధనరాజు కంచం పట్టుకుని కుమారి ఇంటికెళ్లి, అక్కడ ఉప్పు వేయించుకుని, దారిలో ఇద్దరు ముగ్గురికి సమాధానం చెప్పుకుంటూ వచ్చి భోజనం ముగించాడు.

అతని కూతురి పెళ్లి సరిగ్గా క్యాను పట్టే రోజునే పడింది. ముహూర్తం జరపమని పున్నారావు ఫోను చేసి అడిగాడు కూడా. ఎవరూ జరపలేదు. దాంతో క్యానుని కలంకారీ సంచిలో పెట్టుకుని గుడివాడ కల్యాణమండపానికి బయల్దేరాడు. గుమ్మంలోనే ఒక కుర్రాడు ఎదురొచ్చి మర్యాదగా సంచి అందుకున్నాడు. కాసేపటికి మైకులో వినపడింది. "పెదన వాస్తవ్యులు పున్నారావుగారు, సీతామహాలక్ష్మిగారి చదివింపులు, ఒక నెయ్యి డబ్బా."

సీతామహాలక్ష్మి కొంగు నోట్లో కుక్కుకుంది. పున్నారావు చదివింపుల బల్ల దాకా పరిగెత్తాడు.

"అది వెనక్కివ్వు బాబూ."

"చదివించింది వెనక్కి తీసుకోకూడదండీ."

"నేనేం శాశ్వతంగా తీసుకోవట్లేదయ్యా. అదింకా పూర్తి కాలేదు. సాయంత్రం దాకా పట్టాలి."

ఆ తర్వాత ధనరాజు వియ్యాలవారు పెళ్లిలో వడ్డించిన నెయ్యి ఎక్కడిదని చాలా రోజులు ఆరా తీశారు.

ఇన్ని చేసినా ఇంట్లో ఒక్క విషయంలో మాత్రం పేచీ ఉండేది. రోజూ అన్నం చివర పున్నారావు తన సీసాలోంచి ఉప్పు తీసి మజ్జిగలో కలుపుకుని, తాగి, మొహం చిట్లించేవాడు.

"చేదుగా ఉందా అండీ?"

"అబ్బే, మజ్జిగ పులిసింది."

పొద్దున తోడేసిన పెరుగు మధ్యాహ్నానికి పులుస్తుందా? కాపురానికొచ్చిన దగ్గర్నుంచి ఒకరి చేత మాట పడని పెరుగు. ఆమె తోడు మార్చింది, గిన్నె మార్చింది, పాలు పోసే మనిషిని మార్చింది. ఆయన మజ్జిగ మాత్రం రోజూ పులుస్తూనే ఉంది.

నెలనెలా ఆసుపత్రిలో చూస్తే పున్నారావు బీపీ మెట్టు మెట్టూ దిగుతోంది. ఆమెది దిగలేదు. ఆయన మామూలుగా అయితే తన అంకె బస్సులో అందరికీ చెప్పుకోవాల్సిన మనిషి. చెప్పుకోలేదు. "నీది కదా తగ్గాల్సింది, నీదెందుకు తగ్గలా?" అని కిటికీకి చెప్పుకుంటూ పెదన దాకా కూర్చునేవాడు. లెక్క గురించి దిగులనుకుంది ఆమె.

ఆఖరి క్యాను ఇచ్చాక వానల్లో జ్వరం పట్టుకుని, వారం తిరక్కుండా పోయాడు. సెలైను ఎక్కుతుండగా కూడా, "ఈ జ్వరం మీద పరిశోధన ఏదన్నా నడుస్తోందా బాబూ?" అని అడిగాడు. లేదన్నారు. జ్వరానికి వాడని మొహం ఆ మాటకి వాడిపోయింది.

మూణ్ణెల్లు తిరిగాక ఒక పొద్దున డాక్టరు సాయిదుర్గ బస్సు దిగి ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. కాఫీ తాగింది. గోడ మీది ఫోటో చూసి, అప్పుడు చెప్పింది.

"అత్తయ్యగారూ, పరిశోధన అయిపోయింది. ఎవరికి ఏ ఉప్పు వచ్చిందో కవర్లు విప్పి చూశాం. మీ ఇద్దరి దగ్గరే తిరకాసు వచ్చింది. మావయ్యగారి క్యాన్లలో మీ ఉప్పు తేలింది. మీ క్యాన్లలో మావయ్యగారిది. ఆర్నెల్లూ అంతే. క్యాన్లు తారుమారు అయ్యాయా అండీ?"

సీతామహాలక్ష్మికి నమ్మబుద్ధి కాలేదు. క్యాన్లు మారడమా? ఎవరిది వాళ్లకి తాడు రంగు మార్చి కట్టేవాడాయన. ఆసుపత్రిలో కొత్తగా చేరినవాళ్లకి ఈ అమ్మాయే, "పున్నారావుగారిని చూసి నేర్చుకోండి," అని చెప్పేది. ఇంటికొచ్చి ఆ మాట ఎన్నిసార్లు చెప్పాడో. ఇప్పుడు పోయాక ఆయన మీద మాట పడటమా?

"నేనే మార్చేసి ఉంటానమ్మా. నాకు పెద్దగా చదువు లేదు కదా."

సాయిదుర్గ పెన్ను మూసేసింది. "అయితే మీ ఇద్దరివీ తీసెయ్యాలి అత్తయ్యగారూ. ఏ క్యాను ఎవరిదో తెలియకపోతే లెక్కలో ఉంచలేను."

"ఆయనవి కూడానా?"

"అన్నీ."

బస్సులో ఒళ్లో పెట్టుకున్న క్యాను, మైకులో చదివిన క్యాను, తెల్లారి కేకలూ అన్నీ చెత్తలోకి పోతాయన్నమాట. ఆయన పేరు నిలిపితే ఆయన పని పోతుంది.

"క్యాన్లు కాకుండా, ఉప్పే మారి ఉంటేనో?"

"మారిందని ఉన్నదున్నట్టు రాసుకుని ఉంచుకోవచ్చు. కానీ మావయ్యగారు మారనిస్తారా? ఇంకొకటి, మీ నంబరుకి వచ్చింది బీపీ తగ్గించే ఉప్పు. అది కాస్త చేదు తగులుతుంది. అందరూ ఫిర్యాదు చేశారు. మీరు ఒక్కసారి కూడా చేదని చెప్పలేదు."

నాలిక మీద రెండు చిటికెలు, వంటింట్లో లేని పిల్లి, పులవని మజ్జిగ ఒకదాని వెనక ఒకటి సీతామహాలక్ష్మి కళ్ల ముందుకి వచ్చి నిలబడ్డాయి. పటిక చేదెక్కిందంటే సరుకులో మురికి ఉన్నట్టే, పారబొయ్యి అనేవాడు అద్దకం దగ్గర.

ఆమెకి నవ్వొచ్చింది. కొంగు అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. సాయిదుర్గ కంగారుపడి గ్లాసు కింద పెట్టింది.

"మీ మావయ్యగారే మార్చారమ్మా. నన్ను పిల్లిని చూడమని పంపి మార్చారు. చేదుగా ఉన్నది కల్తీ సరుకనుకున్నారు. బాగున్నది నా సీసాలో పోసి, చేదుది తన సీసాలో పోసుకున్నారు."

"అంటే బీపీ తగ్గించే ఉప్పు ఆర్నెల్లూ మావయ్యగారే తిన్నారా?"

"తిని, నా పెరుగుకి పేరు పెట్టారు."

ఈసారి ఇద్దరూ నవ్వారు. సాయిదుర్గ కళ్లు తుడుచుకుని మళ్లీ పెన్ను తీసింది. "మొదటిరోజు నాతో ఏమన్నారో తెలుసా అత్తయ్యగారూ? మా ఆవిడని చేర్చుకుంటేనే నేను చేరతాను, నాకేం గుండ్రాయిలా ఉన్నాను, చూడాల్సింది ఆవిడని అన్నారు."

సీతామహాలక్ష్మి ఫోటో వైపు చూడలేదు. "ఆయన పేరు చెడిపోద్దామ్మా?" అని అడిగింది.

"అందులో పేర్లుండవు, నంబర్లే. ఈ నంబరాయన ఉప్పు మార్చాడు అని రాస్తాను."

"ఎందుకు మార్చాడని రాస్తావు?"

సాయిదుర్గ కాగితం అటూ ఇటూ తిప్పి చూసింది. "ఎందుకో రాసే గడి లేదండీ ఇందులో."

ఆ పూట భోజనం చేసి వెళ్లమంది సీతామహాలక్ష్మి. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాక గానీ తన పరిశోధన ఎంత చప్పగా ఉంటుందో సాయిదుర్గకి తెలియలేదు. వెళ్లేటప్పుడు సంచిలోంచి ఒక ప్యాకెట్టు తీసి ఇచ్చింది.

"ఇది ఆ చేదు ఉప్పే. మీ కిడ్నీ పరీక్షలు అన్నీ బాగున్నాయి కాబట్టి ఇక మీరు ఇదే వాడండి. మావయ్యగారి సీసా ఖాళీగా ఉంటే దాని మీద పేరు తీసేసి, కడిగి పోసుకోండి."

సాయంత్రం సీతామహాలక్ష్మి ఆ సీసా దించింది. అడుగున కాస్త ఉప్పు ఇంకా ఉంది. పేరు కాగితం నానబెట్టి గీకడానికి తడిగుడ్డ తెచ్చి పక్కన పెట్టుకుంది. ఎందుకో అది అలా ఉంచి, కొత్త ఉప్పు పాత ఉప్పు మీదే పోసింది. గ్లాసులో మజ్జిగ పోసి, చిటికెడు కలుపుకుని తాగింది. మొహం చిట్లించింది.

గుమ్మంలోకి వచ్చిన కుమారి చూసింది. "ఏంటత్తా, చేదుగా ఉందా?"

"అబ్బే, మజ్జిగ పులిసింది."

"పొద్దుటి పెరుగేగా?" కుమారి లోపలికొచ్చి తడిగుడ్డ చేతిలోకి తీసుకుంది. "ఇలా ఇవ్వు సీసా. మావయ్య పేరు నేను గీకేస్తాలే."

సీతామహాలక్ష్మి సీసా తీసి ఒళ్లో పెట్టుకుంది.