ఒతోనియెల్ వేసిన పైపు

మనిజాలెస్ ఊళ్లో మా వీధి కొండవాలులో ఉంటుంది. ఇళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డాయి. మా వంటింటికీ పక్కింటి రుబియేలా వంటింటికీ మధ్య గోడ ఒక్కటే. అందుకే ఆ గోడ చెమ్మగిల్లడం మొదలైనప్పుడు మా వైపు కూడా రంగు పొక్కులు లేచింది. చేత్తో తాకితే పొడిపొడిగా రాలింది.

"నీళ్ల మీటరు చూశావా అక్కా?" అని అడిగాను వెళ్లి.

"చూడకేం! కుళాయిలన్నీ కట్టేసినా తిరుగుతూనే ఉంది. దానికీ నిద్ర లేదు, నాకూ లేదు" అంది రుబియేలా, మొక్కజొన్న పిండి పిసుకుతూనే.

ఆ ఇల్లు ఆమె భర్త ఒతోనియెల్ సొంత చేతులతో కట్టాడు. వారమంతా రొట్టెల బట్టీలో పని, ఆదివారం ఇంటి పని. ముందు ఒక్క గది. పిల్లలు పుట్టాక వెనక ఇంకొకటి, వాళ్లు పెద్దయ్యాక పైన మరొకటి. ఒకప్పటి స్నానాలగది వంటిల్లయింది. వంటిల్లు మెట్ల కిందికి పోయి, మళ్లీ వెనక్కి వచ్చింది. అలా మార్చినప్పుడల్లా గోడల్లో పైపులూ దారి మార్చుకున్నాయి. ప్లంబర్‌ని మాత్రం గడప తొక్కనివ్వలేదు.

"పరాయివాడు వేస్తే రేపు వాణ్ణి ఎక్కడని వెతుక్కుంటావు? నేనైతే ఇంట్లోనే ఉంటాగా" అనేవాడు.

పోయిన ఏడు అతనికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా పోయింది, ఒక్కటి తప్ప. "ఆదివారం." ఆకలేసినా ఆదివారమే, కోపమొచ్చినా ఆదివారమే. మనం చెప్పేది కొంత అర్థమవుతుంది, కొంత కాదు అన్నాడు డాక్టరు. ఏది అవుతుందో, ఏది కాదో ఆయనా చెప్పలేకపోయాడు.

చివరికి రుబియేలా, కింది వీధి ప్లంబర్ ఆర్బేని పిలిచింది. అతను ఇనప కడ్డీ ఒక కొస గోడకీ, ఇంకో కొస చెవికీ ఆనించి నీటి చప్పుడు కోసం చాలాసేపు విన్నాడు.

"వెనకంతా కొండమట్టేనమ్మా. చప్పుడంతా మింగేస్తోంది. ఎక్కడ విన్నా ఒకలాగే ఉంది."

మర్నాడు గోడలో ఉన్న లోహాన్ని పసిగట్టే యంత్రం ఎవరిదో అరువు తెచ్చాడు. అది గోడలోని ప్రతి ఇనప చువ్వకీ కీచుమంది.

"ఇనుమైతే ఊరంతా వినేలా అరుస్తుంది. పెద్దాయన ఆఖర్న వేసింది ప్లాస్టిక్ పైపైతే మాత్రం దీని నోరు పెగలదు" అంటూ యంత్రాన్ని పక్కన పెట్టేశాడు.

ఇక పగలగొట్టడమే మిగిలింది. కుళాయి దగ్గర మొదలుపెట్టాడు. ఎవరైనా పైపుని అక్కణ్ణుంచి నిలువుగా కిందికి దింపుతారు. ఒతోనియెల్ దింపలేదు. పైపు జానెడు దూరం పక్కకి పోయి కాంక్రీటు స్తంభంలో దూరింది.

"దీన్ని కొడితే పై గది మన నెత్తిమీద ఉంటుంది" అన్నాడు ఆర్బే. స్తంభానికి అవతల పగలగొట్టి చూశాడు. ఇటుకలే. ఇంకాస్త పైన చూశాడు. అక్కడా ఇటుకలే. ఒతోనియెల్ తన చేత్తో గోడకి అతికించిన నీలం పలకలు నేలమీద గుట్టపడ్డాయి.

రుబియేలా భర్తని చక్రాల కుర్చీలో వంటింట్లోకి తోసుకొచ్చింది. గోడకున్న కన్నాలు చూసి అతని కళ్లు పెద్దవయ్యాయి.

"ఏమయ్యా, పైపు ఎటు తిప్పావు? పైకా?"

తల ఊపాడు.

"కిందికా?"

దానికీ ఊపాడు.

"ఒక్కటి చెప్పవయ్యా! ఎటు?"

"ఆదివారం."

"ఎవర్నీ రానివ్వకపోతివి! అన్నీ నీ బుర్రలోనే పెట్టుకుంటివి! ఇప్పుడు నేనెవర్ని అడగను?" అని అరిచింది రుబియేలా.

అతను పెదాలు కదిపాడు. మెడనరాలు ఉబ్బేలా ప్రయత్నించాడు. మళ్లీ ఆ మాటే వచ్చింది. ఎడమ కంట్లోంచి నీళ్లు కారాయి. ఆమె ఏప్రాన్‌తో అతని ముఖం తుడిచి, అదే గుడ్డతో తన ముఖమూ తుడుచుకుంది.

అంతలో ఒతోనియెల్ ఎడమ చెయ్యి చాపాడు. ఆర్బే చెవి మీద దోపుకున్న పెన్సిల్ కావాలట. ఆర్బే తీసి ఇచ్చాడు. కుర్చీని గోడ దగ్గరికి జరిపాం. కిటికీ కింది నుంచి మూలదాకా వంకరగా ఒక గీత గీశాడు.

ఆర్బే ఆ గీత మీదే సుత్తితో కొట్టాడు. పలక ఊడింది, సిమెంటు ఊడింది, లోపల పైపు కనిపించింది. ఒతోనియెల్ సగం నోటితో నవ్వాడు. నేను చప్పట్లు కొట్టాను.

ఆర్బే మాత్రం పైపుని కొసదాకా చేత్తో తడిమి చూశాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు:

"ఇనప పైపమ్మా. ఇల్లు ఒంటిగదిగా ఉన్న రోజులదై ఉంటుంది. కొస మూసేసి ఉంది. చుక్క నీరు లేదు."

రుబియేలా అతని వైపు కళ్లెర్రజేసింది. భర్త వైపు తిరిగి, గొంతు పెంచి, "దొరికిందయ్యా! నువ్వు చెప్పినచోటే దొరికింది. ఇక బాగైపోతుంది" అంది. అతను ఆమె చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఇక వెతకడానికి ఓపిక లేదు. లోపలి పైపుకి నీళ్లు కట్టేసి, గోడ లోపల కాకుండా గోడ మీదే, అందరికీ కనబడేలా, కొత్త తెల్ల పైపు వేద్దామన్నాడు ఆర్బే. ఆమె ఒప్పుకుంది. అతను పని చేస్తున్నంతసేపూ భర్తని ముందుగదిలో రేడియో దగ్గర కూర్చోబెట్టింది.

మీటరు ఆగింది. మా వైపు గోడ మెల్లగా ఆరింది.

భోజనానికి అతన్ని వంటింట్లోకి తోసుకొచ్చినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. గోడంతా పాకిన తెల్ల పైపుని ఈ కొస నుంచి ఆ కొసదాకా చూశాడు. తర్వాత ఆమెని చూశాడు. ఉన్న ఆ ఒక్క మాటా అనలేదు.

"నీళ్లు వస్తున్నాయిగా, అంతే చాలు" అంది రుబియేలా. ఎవరితో అందో నాకు తెలియలేదు.

ఆనాటి నుంచి అతను వంటింట్లోకి రావడం మానేశాడు. గుమ్మం దాకా తోస్తే, ఎడమ కాలు నేలకి తన్నిపెట్టి కుర్చీని ఆపేస్తాడు. ఆమె ఒకట్రెండుసార్లు బతిమాలింది. ఇప్పుడు గిన్నెలు ముందుగదికే మోసుకెళుతుంది. ఇద్దరూ అక్కడే, రేడియో పక్కన, ఒళ్లో పళ్లేలు పెట్టుకుని తింటున్నారు.