గొంతు దాచుకున్న టీచరమ్మ

సొంతూళ్లో ఆమెను అందరూ ఇంగ్లీషు టీచరమ్మ అనే పిలిచేవారు. ఆమె కథ చదువుతుంటే వెనక బెంచీ అల్లరి మూక కూడా నోరు తెరుచుకుని వినేది. ఆ పని ఇంకా బాగా నేర్చుకుందామని పరాయి దేశంలో టీచర్ ట్రైనింగులో చేరింది.

శిక్షణలో భాగంగా అక్కడి బడికి పంపారు. మొదటి పాఠంలోనే ఆమె ఒక మాట పలకగానే పిల్లలు కిసుక్కున నవ్వారు. వెనక కూర్చున్న పెద్ద టీచరు లేచి, అదే మాటను తన యాసలో పలికి, పిల్లలందరి చేతా అనిపించింది. తర్వాత ఆమెను పక్కకు పిలిచింది.

"ఏమీ అనుకోకమ్మా. పిల్లలకి నీ యాస పట్టుకుంటే కష్టం. చదివేదుంటే రికార్డింగు పెట్టెయ్," అంది మెత్తగా.

ఆమె తలూపింది. ఆనాటి నుంచి మీట నొక్కి, కథ అయ్యేదాకా బల్ల పక్కన నిలబడేది. నవ్వులు ఆగిపోయాయి. తన గదిలో అద్దం ముందు మాత్రం మాటలన్నీ పలికి చూసుకునేది. ఒక్కోసారి ఒక్కోలా వచ్చేవి.

"ఇప్పుడు దారిలో పడ్డావు," అని పెద్ద టీచరు మెచ్చుకుంది. పట్టా కూడా చేతికొచ్చింది.

ఫోన్లో చెల్లెలు ఉబ్బితబ్బిబ్బయింది. "ఇక నీకు తిరుగేముందక్కా! ఇదిగో, మా పాప కథ చదవమని పొద్దుటి నుంచీ నా ప్రాణం తోడేస్తోంది."

"పెద్దమ్మా, చదవవా?" అంది పాప.

ఆమె పుస్తకం తెరిచింది. మొదటి మాట దగ్గరే ఆగిపోయింది. ఒకప్పుడు తనెలా పలికేదో ఎంతకీ గుర్తు రాలేదు.

"నా దగ్గర తప్పులు నేర్చుకోకు తల్లీ. రికార్డింగు పంపిస్తాను, అది విను," అని ఫోన్ పెట్టేసింది.