మా ప్రకాశరావు బావ, షటిల్ ట్యాంకు, మా ఐస్ ఫ్యాక్టరీ

నిన్న పొద్దున ఆరున్నరకి అక్క ఫోన్ చేసింది.

"ఒరేయ్ అబ్బులూ, మీ బావ లేవట్లేదురా" అంది.

ఆదివారం కదా, చర్చికి ఇంకా టైముంది, పడుకోనీ అన్నాను. అక్క ఫోన్‌లోనే బావురుమంది.

అప్పుడు అర్థమైంది నాకు.

కైకలూరు నుంచి తాడేపల్లిగూడెం ఎలా వెళ్లి పడ్డానో తెలీదు. నిద్రలోనే హార్ట్ ఎటాక్ అట. యాభై రెండేళ్లు. ఇదేం వయసండీ పోవడానికి?

మీలో చాలామందికి మా ప్రకాశరావు బావ తెలుసు. గూడెంలో ఐటీఐలో ఎలక్ట్రికల్ ఇన్‌స్ట్రక్టర్. తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను, ఆయనకి ఒక పిచ్చి ఉండేది.

రాకెట్ల పిచ్చి అనుకునేరు. కాదు. రాకెట్ ఎగిరితే ఆయనకేం పట్టదు. దిగొచ్చాక విప్పి చూసి, ఏది చెడింది, బాగుచేసినా మళ్లీ మళ్లీ అదే ఎందుకు చెడుతోంది అని వెతుకుతారే, అదీ ఆయనకి కావాల్సింది. ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చుని గంటలు గంటలు అవే చదివేవాడు.

కిందటేడాది ఒక ఆదివారం భోజనాల దగ్గర, చేపల పులుసు చల్లారిపోతోంది, ఈయన నీళ్లలో వేలు ముంచి టేబుల్ మీద స్పేస్ షటిల్ ట్యాంకు గీస్తున్నాడు.

"మనుషులెక్కే బండిరా అబ్బులూ" అన్నాడు.

ట్యాంకు అడుగున సెన్సర్లుంటాయట. ఇంధనం అయిపోతే ఇంజన్లు ఆపమని చెప్పేవి. ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు టెస్ట్ చేస్తే అన్నీ ఓకే. భయంకరమైన చల్లటి ఇంధనం నింపగానే తప్పు రీడింగులు. సెన్సర్లు మార్చారట. ఎగిరింది. హమ్మయ్య అనుకున్నారు. కొన్నాళ్లకి మళ్లీ అదే గొడవ.

చివరికి ఎగిరే పని పెట్టుకోకుండా, ఊరికే చూడటానికే ట్యాంకు నింపారట. వైరు పొడవునా మీటరు పెట్టి కొలిచారట. తప్పు సెన్సర్‌లో లేదు, ట్యాంకు గోడ దగ్గర కనెక్టర్‌లో ఉంది. చలికి పిన్ను కాంటాక్ట్ పోతోంది. పిన్నుల్ని సాల్డర్ చేసి కదలకుండా అతికేశారు.

"ముందు మీ ఇంట్లో ఫ్యాన్ సంగతి చూడండి బావా, మూడు నెలల్నించి కిర్రుకిర్రుమంటోంది" అన్నాను. అక్క పడీ పడీ నవ్వింది.

అలా నవ్వించినవాణ్ణి, రెండు నెలలు తిరక్కుండా ఆయన కాళ్ల మీద పడ్డాను.

నేను కైకలూరులో ఐస్ ఫ్యాక్టరీ ఆపరేటర్ని. ఆ ఎండాకాలంలో మా ప్లాంటు నడుస్తూ నడుస్తూ టక్కున ఆగిపోయేది. బయట రొయ్యల లారీలు లైన్ కట్టి హారన్లు. ముగ్గురు మెకానిక్కులు వచ్చారు. ముగ్గురూ "ప్యానెల్ బ్రహ్మాండంగా ఉందండీ" అని చెప్పి వెళ్లారు.

ఓనర్ గారు అందరి ముందూ అన్నారు. "కునుకు తీయడానికి నువ్వే ఆపేస్తున్నావు. పైగా అబద్ధాలు. ఇంకోసారి ఆగిందంటే రేపట్నించి రానక్కర్లేదయ్యా."

పదహారేళ్ల సర్వీసు నాది. ఉద్యోగం సంగతి అలా ఉంచండి, అబద్ధాలకోరు అన్న మాటకి నాకు అన్నం దిగలేదు.

బావకి ఫోన్ చేశాను. మొత్తం విన్నాడు.

"నువ్వు దానంతటదే ఆగిందన్నావంటే ఆగిందిరా. రేపొస్తా" అన్నాడు.

ఒక్క ప్రశ్న కూడా వేయలేదు.

మరి మన మర్యాదలు తెలిసినవేగా! గూడెం నుంచి ఇన్‌స్ట్రక్టర్ గారొస్తున్నారని పొద్దున్నే ప్లాంటు ఆపేశాం. ఐస్ గడ్డలు కట్టే ఉప్పునీళ్ల ట్యాంకు మూతలు తీసి, కనెక్షన్ల దగ్గర ఉప్పు పేరుకుంటే వేడినీళ్ల గుడ్డతో తుడిచి, ప్యానెల్‌కి పసుపు, బొట్టు పెట్టాం. ఏ మెకానిక్ వచ్చినా ఇదే చేసేవాళ్లం. దగ్గరుండి చేయించింది నేనే.

బావ చూసి తల కొట్టుకున్నాడు.

"జ్వరం తగ్గించేసి డాక్టర్ని పిలుస్తారేంట్రా? నడపండి. కడగొద్దు, తుడవొద్దు, నాకు కాఫీలొద్దు. ముందు బాగా చల్లబడనివ్వండి."

ఉప్పునీళ్ల ట్యాంకు పక్కన స్టూలేసుకుని, వైరుకి మీటరు తగిలించి కూర్చున్నాడు. రెండు గంటలు. మూడు గంటలు. ఓనర్ గారు వచ్చి గడియారం చూసుకుని వెళ్లారు.

దేవుడా, ఈ ప్లాంటు ఆగిపోవాలి అని జీవితంలో మొదటిసారి ప్రార్థన చేశాను.

మధ్యాహ్నం ఒంటిగంటకి ఆగింది. నేను స్విచ్చుకి ఇరవై అడుగుల దూరంలో, బావ పక్కన టార్చి పట్టుకుని ఉన్నాను. అందరూ చూశారు.

ట్యాంకు గోడ దగ్గర సెన్సర్ వైరు ప్లగ్గు. చల్లబడితే పిన్ను వదులై, సెన్సర్ తప్పు చెప్పి ప్లాంటు ఆగిపోతోంది. మేం ఆపి, వేడి గుడ్డతో తుడవగానే సర్దుకుంటోంది. మరి మెకానిక్కులకి ఏం కనపడుతుంది? బావ సాల్డర్ చేశాడు. మళ్లీ ఇవాళ్టి దాకా ఆ ఇబ్బంది లేదు.

ఓనర్ గారు బావకి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టారు. నాతో మాత్రం ఏమీ అనలేదు. నేనూ అడగలేదు. కానీ బాధ ఉండిపోయింది, ఎందుకు దాచాలి?

ఇవాళ సమాధుల తోటలో పాస్టర్ గారి ప్రార్థన అయ్యింది. వెనకనుంచి మా ఓనర్ గారు వచ్చారు. వస్తారని నేను అనుకోలేదు. చెప్పులు విడిచి, గుప్పెడు మట్టి వేసి, నా దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకున్నారు.

"ఆ రోజు అందరి ముందూ నిన్ను అబద్ధాలకోరు అన్నానయ్యా అబ్బులూ. తప్పు నాది. అందరి ముందే చెప్తున్నాను" అన్నారు.

అక్క ఏడుపు ఆపి నా వైపు చూసింది. చాలా రోజుల తర్వాత నేను తలెత్తి నిలబడ్డాను బావా, మీ సమాధి దగ్గరే.

నన్ను నమ్మి మూడు గంటలు ఆ ట్యాంకు చలిలో కూర్చున్నారు. మా వాళ్లెవరు ఏం చెప్పినా ఇకనుంచి నేనూ నమ్మి, అలాగే పక్కన కూర్చుంటాను.

వెళ్లి రండి బావా. అక్కని మేం చూసుకుంటాం. ప్రభువు సన్నిధిలో హాయిగా ఉండండి.