పాతరలో మోగిన ఫోను

ఆదోని మార్కెట్ యార్డులో తిక్కయ్య పత్తి బస్తా మీద కూర్చుని నోరు తెరిస్తే ధర పెరిగేదని వినికిడి. చెప్పింది తిక్కయ్యే. ధర పడిపోయిన రోజుల్లో ఆయన ఊళ్లో లేడట. హమాలీ పని మానేసి, ఎమ్మిగనూరు దారిలోని సొంతూరు చేరి జొన్న వేసుకున్నాక వినేవాళ్లు కరువయ్యారు. అందుకని బ్లాగు పెట్టాడు.

ఎమ్మిగనూరు బస్టాండు దగ్గర సెల్లు కొట్టున్న జోయల్ దాన్ని తెరిచి ఇచ్చాడు. పేరు ‘ఎవర్నీ అడగొద్దు’. వాన ఎగ్గొట్టినా, కరెంటు పోయినా, బస్సులు ఆగినా పల్లెలో ఇంకొకరి గడప తొక్కకుండా బతికే ఉపాయాలు అందులో ఉంటాయి. మొదటి ఉపాయం రాసేందుకు పక్కింటి చార్జరు అడిగి తెచ్చుకున్నాడు. తన పద్ధతిలో వాడితే ఫోను వారమైనా ఆరదని కూడా రాశాడు. జనం నమ్మారు. చదివేవాళ్లు పెరిగారు.

ఆ యేడు జొన్న బాగా పండింది. పెరట్లో తండ్రి తవ్విన పాతర ఉంది. నేలలో పెద్ద కుండలాంటి గుంత. లోపల చొప్ప పరిచి, గింజ నింపి, మూతికి బండ వేసి మట్టి మెత్తుతారు. అవసరం వచ్చేదాకా తెరవరు. తెరిస్తే తేమ దూరుతుంది, పురుగు పడుతుంది, ఇంటిల్లిపాదికీ యేడాది తిండి పోతుంది. తిక్కయ్య పాతరలోకి దిగి, గింజ మీద కూర్చుని ఇదంతా రాశాడు. “దేవుడొచ్చి అడిగినా తెరవొద్దు” అని చివర కలిపాడు. ఫోటో పెట్టి, భార్య రుద్రమ్మ చెయ్యి పట్టుకుని పైకొచ్చాడు. ఆమె బండ వేసి, మట్టి మెత్తి, పేడతో అలికింది.

తెల్లవారి అలారం మోగింది. ఇల్లంతా వెతికినా ఫోను దొరకలేదు. పెరట్లోకి పోయి నేలకు చెవి ఆనించాడు.

రుద్రమ్మ పళ్లు తోముకుంటూ వచ్చింది. “ఏమయ్యా, నేల్తో మాట్లాడతాండావా?”

“ఫోను లోపలుండాది మే.”

“ఉండనీ. దానికేం ఆకలైతాదా?”

తిక్కయ్య గడ్డపార తెచ్చాడు. ఆమె అడ్డు రాలేదు. ఖాళీ సంచులు తెచ్చి ముందర పడేసింది.

“తియ్యి. తీసినాక గింజంతా ఎత్తు. వానలకు పురుగు పడితే నీ బ్లాగు రొట్టె సేసి పెడతాదేమో సూద్దాం.”

తిక్కయ్య గడ్డపారను గోడకు చేర్చాడు. తర్వాత వారం రోజులూ తెల్లవారగానే నేల కింద అలారం మోగింది. అప్పటిదాకా బ్లాగులో రాసినవాటిలో నిజమని తేలింది అదొక్కటే.

కొన్నాళ్లకు జోయల్ వచ్చాడు.

“అన్నా, ఏం రాయకపోతివి. ఈయప్ప ఫోను గూడా ఇడిసిపెట్టినాడు, ఈయప్పే మొగోడు అని జనం అంటాండారు. సదివేటోళ్లు రెట్టింపైనారు. పాస్‌వర్డు సెప్పు, నేను రెండు ముక్కలు రాస్తా.”

“అది ఫోనుకే తెలుసప్పా.”

“ఫోను యాడుండాది?”

తిక్కయ్య కాలితో నేల చూపించాడు. జోయల్ పేడ అలికిన చోటును చూసి, రుద్రమ్మను చూసి, టీ తాగి పోయాడు.

మరుసటి యేడు వానలు ఎగ్గొట్టాయి. ఇంట్లో గింజ అడుగంటాక పాతర తెరిచారు. లోపల గాలి ఆడేదాకా ఆగి, మనిషి దిగొచ్చో లేదో తెలియడానికి దీపం దింపి చూశారు. దీపం ఆరలేదు. జొన్న ముత్యాల్లా ఉంది. ఒక్క పురుగు లేదు. ఫోను పడుకున్న చోటే ఉంది.

రుద్రమ్మ రొట్టెలు తడుతుంటే తిక్కయ్య పొయ్యి పక్కన కూర్చుని, చార్జి ఎక్కించిన ఫోను నొక్కుతున్నాడు.

“ఏం రాస్తాండావు?”

“ఫోనును పాతరలో దాచుకునే పద్ధతి.”

ఆమె రొట్టె తిప్పింది. “ముందు పెండ్లాన్ని అడగాలని రాయి.”

తిక్కయ్య బ్లాగు పేరు వైపు చూసి, ఆ ముక్క కూడా రాశాడు.