పరీక్షకు ముందే వాటా

మా పాళెంలో చూసి రాయడం తప్పనే ఊహే ఎవరికీ ఉండేది కాదు. విడవలూరుకు తూర్పున, సముద్రపు ఒడ్డున మా బడి. ఒడ్డు నుంచి పెద్దవల లాగితే, లాగినవాళ్లందరికీ చేపలు పంచేవాళ్లు. జ్వరంతో ఇంట్లో పడుకున్నవాడి వాటా కూడా తీసి పక్కన పెట్టేవాళ్లు. అలాంటి ఊళ్లో పుట్టి, పక్కవాడికి జవాబు చూపించకపోతే ఎంత పిసినారితనం!

అరవైలలో కొత్తగా వచ్చిన అయ్యవారు శుక్రవారాలు నీతిబోధ మొదలుపెట్టారు. సత్యం, ధర్మం అని గొంతు చించుకునేవారు. మేం బుద్ధిగా తలలూపి, పరీక్షలో మళ్లీ చూసే రాశాం. ఆయనకు ఒళ్లు మండి అందరినీ నిలబెట్టారు. నేను అక్కా అని పిలిచే మా పెద్దమ్మ కూతురు, నాకంటే కాస్త పెద్దదైనా నా తరగతే, గబుక్కున అనేసింది.

"జొరమొచ్చినోళ్లకి వాటా ఇస్తారు గదా అయివోరా? జవాబిస్తే తప్పెట్టా అవుద్ది?"

బెత్తం లేస్తుందనుకున్నాం. ఆయన కుర్చీలో కూలబడి పకపకా నవ్వారు. మర్నాడు వచ్చి, "ఇవ్వండి, ఎవరొద్దన్నారు? కాకపోతే పరీక్షకు ముందే ఇవ్వండి. వచ్చినవాళ్లు రానివాళ్లకు నేర్పండి. పరీక్షలో మాత్రం ఎవరి కాగితం వాళ్లదే" అన్నారు. ఆ మాట మా బుర్రలకెక్కింది. ఆయన్ని తలుచుకుంటే ఇప్పటికీ చేతులు జోడించాలనిపిస్తుంది.

ఆ ఏడు విషజ్వరంతో మంచం పట్టింది నేనే. "ఎనిమిదిలో తప్పినావా, బడి మాన్పించి ఎండుచేపల కాడికి పంపిస్తా" అన్నాడు నాయన. అన్నంత పనీ చేసే మనిషి. నేను లేచి కూర్చున్నప్పటినుంచీ అక్క సాయంత్రాలన్నీ నాకే ధారపోసింది. లెక్క రాకపోతే నేను పుస్తకం విసిరికొట్టేదాన్ని. "ఏంది మే నీ పొగరు!" అని తిడుతూనే తెచ్చి మళ్లీ తెరిచేది.

లెక్కల పరీక్షలో భిన్నాల దగ్గర నా బుర్ర ఆగిపోయింది. ముందు బల్లమీదున్న అక్క వీపు గిల్లాను. తిరగలేదు. మళ్లీ గిల్లాను. కాగితం ఇంకా దగ్గరకు లాక్కుంది. కోపంతో కళ్లనీళ్లు తిరిగాయి. ఆ కసిలోనే, ఆమె నేర్పినట్టు మొదటినుంచి చేసుకుంటూ పోయాను. ఆ తర్వాత ఎండాకాలమంతా ఆమెతో మాట్లాడితే ఒట్టు.

ఫలితాలొచ్చిన రోజు బడి గోడమీద నా నంబరు కనబడింది. ఆమె ముందు టెక్కు చూపిద్దామని వాళ్లింటికి పరిగెత్తాను. పెద్దమ్మ గుమ్మంలోనే పట్టుకుంది.

"నీ నంబరుందా మే?"

"ఉంది."

"అమ్మయ్య, బతికించినావు! 'చెల్లికి చూపించకపోతినే, అది తప్పితే నేనుగూడా బడికి పోను' అని కూర్చోనుంది మీ అక్క. పొద్దుట్నించి మెతుకు ముట్టలా."

లోపల అక్క గోడకానుకుని ఉంది. "నిజంగానే పాసయినావా?" అని నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. తన నంబరు సంగతి అడగనేలేదు. నేనూ చూసి రాలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె చెయ్యి పట్టుకుని మళ్లీ బడికి లాక్కుపోయాను. ఆమె నంబరు పైవరసలోనే ఉంది.